డెబ్బైల పాటకు తూకపురాళ్లు ఎవరివి?

మెదక్ రాందాస్ చౌరస్తా దగ్గర చాయ్ తాగుతూ ఈ మధ్య ఒక మిత్రుడు తన పట్టికను నా ముందు పెట్టాడు. 1970లలో వెలువడిన పది గొప్ప ఆల్బమ్‌లట. అందులో ఎనిమిది రాక్ సంగీతానివి. లెడ్ జెప్పెలిన్ నాలుగవ ఆల్బమ్, రోలింగ్ స్టోన్స్ 'ఎక్జైల్ ఆన్ మెయిన్ స్ట్రీట్', పింక్ ఫ్లాయిడ్ 'డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' పై వరుసలో కూర్చున్నాయి. మార్విన్ గే తొమ్మిదవ చోట, స్టీవీ వండర్ పదవ చోట, పంక్తి చివర విస్తరి దొరికిన చుట్టాల్లా ఉన్నారు.

ఇదేమి న్యాయమని అడిగాను. "సోల్ అంటే గొంతు, ఆవేశం. రాక్ అంటే ఆలోచన, నిర్మాణం. రెండింటినీ ఒకే త్రాసులో ఎట్లా తూస్తాం?" అన్నాడు.

ఈ మాట నాకు కొత్త కాదు. తెలుగులో చాలాసార్లు విన్నాను. ఈ జిల్లా తూప్రాన్‌లో పుట్టిన గద్దర్ గురించి పండితులు అన్నదీ ఇదే: ఆవేశం ఉన్నది సరే, కళ ఏదీ? దేశాలు వేరు, భాషలు వేరు, తూకపురాళ్లు మాత్రం ఒక్కటే. అందుకే ఆ చాయ్ దగ్గర ముగియని వాదాన్ని ఇక్కడ ముగించదలచుకున్నాను.

మొదట నిర్మాణం సంగతి చూద్దాం. మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' 1971లో వచ్చింది. వియత్నాం యుద్ధానికి వెళ్లివచ్చిన తమ్ముడి అనుభవాలు దాని వెనుక ఉన్నాయి. ఒక పాట ముగిసీ ముగియకముందే మరొకటి అందుకుంటుంది. ఒకే మనిషి గొంతు రెండు మూడు పొరలుగా తనతో తానే సంభాషిస్తుంది. యుద్ధం, పేదరికం, మత్తు, చెడిపోతున్న గాలీ నీరూ, ప్రార్థన, అన్నీ ఒకే ధారలో సాగుతాయి. మోటౌన్ సంస్థ అధిపతికి ఆ పాట విడుదల చేయడమే మొదట ఇష్టం లేదు. 'డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' 1973లో వచ్చింది. అదీ తెగని ధారే. కాలం, డబ్బు, మతిభ్రమణం దాని విషయాలు. అది గొప్ప రచన కాదని నేను అనను. కానీ అఖండమైన కూర్పు రాక్ సొత్తని చెప్పేవారు, రెండేళ్ల ముందే డెట్రాయిట్‌లో ఆ పని చేసిన మనిషిని కేవలం గాయకుడని ఎట్లా అంటారు?

ఇక స్టీవీ వండర్. 1971లో ఇరవై ఒక్క ఏళ్లు నిండగానే తన సంగీతంపై తనకే అధికారం ఉండేట్లు సంస్థతో కొత్త ఒప్పందం కుదుర్చుకున్నాడు. 1972లో రెండు ఆల్బమ్‌లు, 1973లో 'ఇన్నర్‌విజన్స్', 1974లో మరొకటి, 1976లో 'సాంగ్స్ ఇన్ ది కీ ఆఫ్ లైఫ్'. రాసింది తానే, కూర్చింది తానే, చాలా పాటల్లో డ్రమ్స్‌తో సహా వాయించింది తానే. చివరి మూడింటికీ ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ పురస్కారం వచ్చింది. ఇది ఆవేశమే అయితే, ఆలోచన అనే మాటకు అర్థం నిఘంటువులో మార్చుకోవాలి.

పట్టికలు నిష్పాక్షికమని నమ్మేవారికి ఒక నిదర్శనం. రోలింగ్ స్టోన్ పత్రిక 2003లో ఐదువందల ఉత్తమ ఆల్బమ్‌ల జాబితా ప్రకటించింది. మొదటి పదిలో నాలుగు బీటిల్స్‌వే. సోల్ నుంచి ఉన్నది ఆరవ స్థానంలో 'వాట్స్ గోయింగ్ ఆన్' ఒక్కటే. 'సాంగ్స్ ఇన్ ది కీ ఆఫ్ లైఫ్' 56వ స్థానంలో నిలబడింది. అదే పత్రిక 2020లో కొత్త వారిచేత ఓట్లు వేయించి మళ్లీ లెక్కించింది. మార్విన్ గే మొదటి స్థానానికి, స్టీవీ వండర్ నాలుగవ స్థానానికి వచ్చారు. ఆ పదిహేడేళ్లలో ఆ రికార్డుల్లో ఒక్క స్వరమైనా మారిందా? మారింది తూచిన చేతులు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. తెలుగువారి డెబ్బైల పాటలు లెక్కపెట్టమంటే మనం ఏం చెబుతాం? ఘంటసాల భగవద్గీత చెబుతాం, న్యాయమే. సినిమాతో పని లేకుండా ఆల్బమ్‌గా ఇంటింటా నిలిచిన రచన అది. 1974 ఫిబ్రవరి 11న ఆయన కన్నుమూసే ముందు చివరి రోజుల్లో పాడినది. తర్వాత బాలసుబ్రహ్మణ్యం, మహదేవన్, చక్రవర్తి అంటాం. దశాబ్దం ముగిసే వేళకు 'శంకరాభరణం' దగ్గర దండం పెట్టి లేస్తాం. వీరెవరినీ తగ్గించే ఉద్దేశం నాకు లేదు. కానీ ఆ దశాబ్దం ఆరంభంలోనే పుట్టిన జననాట్యమండలి ఈ లెక్కలో ఎక్కడ? డప్పు, గొంగడి, గజ్జెలతో ఊరూరా తిరిగిన పాట ఎక్కడ? లేదు, ఎందుకంటే దానికి అప్పుడు రికార్డు లేదు, రేడియోలో చోటు లేదు. అత్యవసర పరిస్థితి నాటికి ఆ పాట పాడటమే ప్రమాదం. రికార్డు లేని పాట పట్టికకు కనిపించదు. కనిపించనిది లేదనుకోవడం మన అలవాటు.

సినిమా ఒక్కసారి మాత్రం ఆ తలుపు తీసింది. ఈ జిల్లా బిడ్డే అయిన బి. నర్సింగరావు నిర్మించగా గౌతమ్ ఘోష్ దర్శకత్వం వహించిన 'మా భూమి'లో, బండి యాదగిరి రాసిన పాటను గద్దర్ తెరమీద కనిపిస్తూ పాడాడు. డెబ్బైలలో ఊళ్లలో మోగిన గొంతు ఎట్లాంటిదో తెలియాలంటే ఆ కొన్ని నిమిషాలు చాలు.

గద్దర్ మన మార్విన్ గే అనబోతున్నానని అనుకోకండి. అట్లాంటి బిరుదులు ఇద్దరికీ అవమానమే. పోలిక మరొకచోట ఉంది. మార్విన్ గే పాట తల్లిని, అన్నను, తండ్రిని పిలుస్తుంది. గద్దర్ పాట అన్నా, అక్కా, చెల్లీ అని పిలుస్తుంది. పింక్ ఫ్లాయిడ్ మనిషి దుఃఖాన్ని దూరంనుంచి, వైద్యుడు రోగిని చూసినట్లు పరీక్షిస్తుంది. ఈ పాట దుఃఖంలో ఉన్నవాడి పక్కన కూర్చుని వరుస కలుపుతుంది. అది ఆలోచన లేకపోవడం కాదు, ఎవరితో మాట్లాడాలో తెలిసిన ఆలోచన.

మెదక్‌లో ఉన్నవారికి ఇది అర్థం కాకపోవడం మరీ విచిత్రం. అరీతా ఫ్రాంక్లిన్ 1972లో లాస్ ఏంజెలిస్‌లోని ఒక చర్చిలో, భక్తుల మధ్య నిలబడి 'అమేజింగ్ గ్రేస్' ఆల్బమ్ పాడింది. సోల్ పుట్టిల్లు అదే. మన ఊళ్లో 1924లో ప్రతిష్ఠ జరిగిన పెద్ద చర్చి ఉంది. క్రిస్మస్ నాడు అక్కడ తెలుగు కీర్తన ఎత్తుకునే గొంతుల్లో ఎన్ని మాలమాదిగ వాడల నుంచి వచ్చాయో మనకు తెలుసు. బడి లేనివాడికి బడి, వేదిక లేనివాడికి వేదిక అయిన పాట ఎట్లా ఉంటుందో మనం చెవులతో విన్నాం. విని కూడా దాన్ని భక్తి అన్నాం, ఆవేశం అన్నాం, సంగీతం అని మాత్రం అనలేదు.

అయితే పోల్చడమే తప్పా అని నా మిత్రుడు అడుగుతాడు. తప్పు కాదు. పోల్చకుండా విలువ తెలియదు. కానీ పోల్చేముందు, ఎవరి పాటకు స్టూడియో దొరికింది, ఎవరి పాటకు పోలీసు దొరికాడు అన్నది చూడండి. చూడకుండా తూచడం తూకం కాదు, తీర్పు ముందే రాసుకున్న పంచాయితీ.

గద్దర్ 2023 ఆగస్టు 6న వెళ్లిపోయాడు. 2025లో రాష్ట్ర ప్రభుత్వం సినిమా పురస్కారాలను ఆయన పేరిట ఇచ్చింది. పేరు పురస్కారానికి ఎక్కింది, పాట మాత్రం ఇంకా పట్టికకు ఎక్కలేదు. ఆనాడు ఆయన వెంట కోరస్ అందుకున్నవారు, డప్పు కొట్టినవారు ఈ జిల్లా పల్లెల్లో డెబ్బై దాటిన వయసులో ఉన్నారు. ఏ రికార్డులోనూ లేని బాణీలు వారి గొంతుల్లో ఉన్నాయి. జేబులో రికార్డు చేసే ఫోన్ పెట్టుకుని, లండన్ రికార్డుల నిడివి సెకన్లతో సహా అప్పజెప్పే మనం, తూప్రాన్ దాకా ఒక్క బస్సు ఎక్కలేమా?

ఆ పెద్దలు పోయాక పట్టిక సరిదిద్దడానికి 2020లో వలె కొత్తవారిచేత ఓట్లు వేయించినా ఫలం ఉండదు. మార్విన్ గేకి రికార్డు మిగిలింది. వీరికి మనం తప్ప ఏమీ లేదు.