రహదారి ఎవరికి దారి?

ఫారసీ నుంచి మనకు వచ్చిన ‘రహదారి’ అనే మాటకు పాత తెలుగులో మరో అర్థం కూడా ఉండేది: దారి దాటనిచ్చే అనుమతి చీటీ. తెలుగు పాఠాలు చెప్పుకునే నాబోటి వాడికి తప్ప ఈ సంగతి ఇంకెవరికీ పట్టకపోవచ్చు. కాని అరకులోయలో ఆ పాత అర్థమే ఇప్పటికీ చెల్లుబడి అవుతూన్నట్టుంది. దారి వచ్చింది, చీటీ మాత్రం ఇంకొకరి చేతిలో ఉంది.

రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకుల మీదుగా విజయనగరం దాకా 516ఇ జాతీయ రహదారి. ఇక మన్యానికి మంచిరోజులు వచ్చినట్టేనని మన పెద్దలు ప్రకటిస్తున్నారు. రోడ్డు పడితే సంపద దానంతట అదే కొండెక్కుతుందట! నీరు పల్లమెరుగునని తెలిసిన దేశంలో ఇటువంటి ఆర్థికశాస్త్రం పుట్టడం విడ్డూరమే.

మన్యంలో రోడ్ల చరిత్ర నిన్నటిది కాదు. నర్సీపట్నం నుంచి లంబసింగి దాకా తెల్లదొరల సర్కారు రోడ్డు వేయించినప్పుడు రాళ్ళు కొట్టింది గిరిజనులే. గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ హయాంలో వారికి ముట్టవలసిన కూలి ముట్టలేదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి ఠాణా మీద పడడం వెనుక ఉన్న కారణాలలో ఆ రోడ్డు కూలి ఒకటి. తరువాత 1960లలో కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం ఈ లోయను చీల్చుకుంటూ పోయింది. స్వతంత్ర ప్రభుత్వమే వేసింది. సొరంగాలు తొలిచింది, వంతెనలు కట్టింది. ఎందుకు? బైలదిలా ఇనుపఖనిజం విశాఖ రేవు చేరి జపాను ఓడలెక్కడానికి. అరకు దానికి దారిలో తగిలిన స్టేషను, అంతే.

“అయితే రోడ్లు వద్దంటారా? డోలీలో ప్రసవవేదన పడే తల్లి మాటేమిటి?” అని గద్దిస్తారు. అయ్యా, మేము అడుగుతున్నదే ఆ తల్లి మాట! ఆమె డోలీ కట్టుకుని దిగుతూన్నది జాతీయ రహదారి లేక కాదు. తన గూడెం నుంచి ఆ రహదారి దాకా బాట లేక. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలంలో ‘అడవి తల్లి బాట’ పేరుతో సుమారు వెయ్యికోట్ల పనులకు శంకుస్థాపన చేశారు. మంచిదే, చేయవలసిందే. ఆ పని తారురోడ్డు కంటె ముందు జరగవలసింది.

బాటతోనూ సరిపోదు. డుంబ్రిగుడ వైపు కొండల నుంచి వచ్చి చదువుకున్న మా విద్యార్థి ఒకడు తన అవ్వ సంగతి చెప్పాడు. తెల్లవారకముందే ఆమె మిరియాల మూట నెత్తిన పెట్టుకుని కొండ దిగుతుంది. తారురోడ్డు తగిలేచోట షావుకారు కాటా సిద్ధంగా ఉంటుంది. ధర నచ్చకపోతే మూట తిరిగి కొండెక్కించగలదా? ఎక్కించలేదు, ఆ సంగతి షావుకారుకూ తెలుసు. అందుకే అతడు చెప్పిందే ధర. పైగా నిరుటి అప్పు ఒకటి! రోడ్డు బాగుపడి లారీ ఖర్చు తగ్గితే ఆ మిగులు అవ్వ కొంగులో పడుతుందా? షావుకారు గల్లాపెట్టెలోనే పడుతుంది.

ఈ కాటాను అవ్వ పక్షాన నిలబెట్టడానికే 1956లో గిరిజన సహకార సంస్థ వెలసింది. రోడ్డు మలుపు మలుపుకూ దాని గోదాము ఉండాలి, సరుకు దించినరోజే పైకం చేతికి రావాలి. అరకు కాఫీ పారిస్‌లో అమ్ముడవుతూన్నదని మురిసిపోయే మనం, గింజలు ఆరబెట్టుకునేందుకు చదునైన కళ్ళం లేని గుడిసెలను చూడం.

ఇక భూమి మాట. 1970 నాటి ఒకటవ రెగ్యులేషన్ ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోరాదంది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఆ రక్షణను మరింత గట్టిపరిచింది. కాని రోడ్డు వెడల్పయ్యేకొద్దీ పక్క భూమికి గిరాకీ పెరుగుతుంది. గిరాకీ పెరిగేకొద్దీ బినామీ పేర్లు పుడతాయి. లాడ్జీ బోర్డు మీద కొండపేరు ఉంటుంది, లోపల గదులు ఊడ్చేది కొండబిడ్డ.

కాబట్టి మైళ్ళ లెక్క చెప్పి మమ్మల్ని ఒప్పించవద్దు. ఆ అవ్వ మూట దించినచోట కాటా ఎవరిదో చెప్పండి. ధర నచ్చనినాడు ఆమె ఆ మూటను రాత్రికి ఏ గోదాములో దాచుకోవాలో చెప్పండి.