ఆయిల్ చుక్క ఎక్కడిది?

పాత లారీ కొనగానే మనవాళ్ళు చేసే మొదటి పని ముందు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టడం. ఇంజిన్ కింద ఆయిల్ చుక్కలు కనబడితే దిష్టి తగిలిందంటారు. వాళ్ళను చూసి నవ్వేవాళ్ళు కూడా, "వెనక ఆయిల్ సీలు పోయింది" అని మెకానిక్ అనగానే గేర్ బాక్స్ దించడానికి ఒప్పేసుకుంటారు. పరీక్షించకుండా నమ్మడంలో ఇద్దరూ ఒకటే. కాకపోతే మెకానిక్ మాటను పరీక్షించవచ్చు, దిష్టిని పరీక్షించలేం. మరి పరీక్షించగలిగిన దాన్నైనా ఎందుకు పరీక్షించం?

చుక్క పడిన చోటే లీకు ఉండనక్కరలేదు. పైన ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ దగ్గర కారిన ఆయిల్ కిందికి జారుతుంది. బండి నడుస్తుంటే గాలికి వెనక్కి పోతుంది. చివరికి సీలు దగ్గరే చుక్కై పడుతుంది.

చల్లారిన ఇంజిన్‌ను శుభ్రంగా కడిగి ఆరనివ్వండి. అనుమానం ఉన్న అతుకుల మీద టాల్కం పౌడర్ చల్లండి. ఇంజిన్ వేడెక్కేదాకా నడిపి, ఆపి, టార్చి వేసి చూడండి. అన్నిటికంటే పైన ఎక్కడ తడిసిందో అక్కడినుంచే వెతకాలి. బ్రీదర్ పైపు కూడా చూడండి. అది పూడుకుపోతే లోపల ప్రెషర్ పెరిగి సీళ్ళలోంచి ఆయిల్ తోసుకొస్తుంది. అప్పుడు కొత్త సీలు వేసినా మళ్ళీ కారవచ్చు.

ఆయిల్ మరీ తగ్గితే బేరింగులు పట్టేస్తాయి. కాలుతున్న సైలెన్సర్ గొట్టం మీద పడితే మంటలు రావచ్చు. కాబట్టి ఊరుకోకూడదు, తొందరపడి విప్పించకూడదు. మెకానిక్ అనుభవాన్ని కాదనక్కరలేదు. "ఎలా తెలిసింది? చూపించు" అని అడిగితే చాలు. సీలే పోయిందని తేలితే గేర్ బాక్స్ అప్పుడే దించవచ్చు.