తల ముందు, మొండెం వెనక

మా బావగారికి అమెచ్యూరు రేడియో సరదా. లైసెన్సు తీసుకుని, యింట్లో ఒక సెట్టు, కారులో ఒక సెట్టు పెట్టుకుని ఊరూరి మిత్రులతో మాట్లాడుతుంటారు. వినడానికీ మాట్లాడడానికీ కూడా పనికివచ్చే సెట్టు గనుక అది మందపాటి నిఘంటువంత వుంటుంది. దాన్ని ఆయన డాష్‌బోర్డు కింద ఎడమపక్కన బిగించారు. అక్కడే మా అక్కయ్య మోకాళ్లు కూడా వుంటాయన్న సంగతి ఆయనకు తట్టలేదు.

ఒకనాడు గేదె అడ్డం వచ్చి గట్టిగా బ్రేకు వేశారు. గేదెకేమీ కాలేదు. అక్కయ్య మోకాలు చిట్లింది. "ఈ కారులో ఆ పెట్టైనా వుండాలి, నేనైనా వుండాలి" అన్నది, కట్టు కట్టించుకుని వస్తూ.

బావగారు రెంటినీ వుంచుకునే ఉపాయం ఆలోచించారు. "ఏమోయ్, ఈ సెట్టులో మనం తాకేది ముఖం ఒక్కటే గదా! మిగతా ఒళ్లు ముందర ఎందుకూ?" అన్నారు నాతో.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. వాల్వుల కాలంలో పోలీసు కార్ల సెట్లు పెద్ద పెట్టెలు. అమెరికాలో బేయాన్ అనే ఊరి పోలీసులు 1933 లోనే కార్లలోంచి మాట్లాడడం మొదలుపెట్టారు. ఆ తరువాత వచ్చిన సెట్లలో చాలావాటిని డిక్కీలో పెట్టి, మీటలు మాత్రం డ్రైవరు ముందు వుంచేవారు. ట్రాన్సిస్టర్లు వచ్చి పెట్టె చిన్నదయ్యాకనే తలా మొండెమూ ఒక్కటైనాయి.

ఇప్పటి సెట్లు చాలావాటిలో ముఖాన్ని ఊడదీయవచ్చు. ముఖానికీ మొండేనికీ మధ్య ఒక సన్నని తీగె వేస్తే చాలు. ఆ తీగెలో పోయేవి మీటల ఆజ్ఞలే. ప్రసారం చేసే బలమంతా వెనకనే వుంటుంది. కాని అన్ని సెట్లకూ ఇది కుదరదు. కొన్నిటికి విడిభాగాలు కొనాలి. తీగె కూడా ఆ సెట్టుకు చెప్పినదే కావాలి. టెలిఫోను తీగెలా కనిపించినంతమాత్రాన ఏదో ఒకటి తగిలించరాదు. లోపలి తీగెల వరస మారితే సెట్టు పాడైపోవచ్చు.

బావగారు ముందు బ్యాటరీ తీగె విప్పి, మొండేన్ని డిక్కీలో గాలి తగిలేచోట బిగించారు. ముఖాన్ని గేరు పక్కన, గాలిసంచీ తెరుచుకునే దారికి దూరంగా అమర్చారు. మైకు తీగె మొండేనికి తగిలించేది కావడంతో దాన్ని పొడిగించవలసి వచ్చింది. స్పీకరు సంగతి మరిచారు. మొదటిసారి మీట నొక్కగానే డిక్కీలోంచి ఎవరో పిలిచినట్లయి అక్కయ్య ఉలిక్కిపడింది. మర్నాడు ముందర ఇంకొక స్పీకరు వచ్చింది.

అసలు ప్రమాదం మాత్రం కంటికి కనిపించనిచోట వున్నది. 50 వాట్ల సెట్టు మాట్లాడుతున్నంతసేపూ సుమారు 10 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. దానికోసం బ్యాటరీ నుంచి డిక్కీదాకా మందమైన తీగె లాగారు. ఇంజనుకూ మనకూ మధ్యనున్న రేకు కన్నంలోంచి ఆ తీగె వచ్చేచోట రబ్బరు తొడుగు వెయ్యలేదు. రెండు వారాలకు రేకు అంచు తీగె తొడుగును కోసేసింది. బ్యాటరీ పక్కనే పెట్టిన ఫ్యూజు ఠప్పున పోయి, సెట్టు మూగబోయింది. ఆ ఫ్యూజును బ్యాటరీ దగ్గర కాక, వెనక సెట్టు దగ్గర మాత్రమే పెట్టి వుంటే? మధ్యలో తీగె కాలుతున్నా దానికి తెలిసేది కాదు. ఆనాడు వెనక సీటులో మనుమలిద్దరూ నిద్రపోతున్నారు.

బావగారు ఆ సాయంత్రం మాట్లాడకుండా ఆ కన్నానికి రబ్బరు తొడిగి, తీగె మార్చి, ప్రతి మలుపునూ చేతితో తడిమి చూశారు.

ఇప్పుడు అక్కయ్య హాయిగా కాళ్లు చాపుకుని కూర్చుంటున్నది. "పెట్టె వెనక్కు పోయింది సరే, వాగుడు మాత్రం ముందరే వుంది" అంటుంది. అది సెట్టునన్నదో, బావగారినన్నదో నేనడగలేదు.