ఆరోగ్యంగా ఉన్నప్పుడే మద్రాసు

దుత్తలూరు బస్టాండులో సంచి పట్టుకుని నిలబడి 'మద్రాసుకు పోతున్నా' అనండి. ఎదుటివాళ్లు మొదట అడిగేది 'ఎవరికి బాగాలేదు?' అనే. 1996లో పేరు చెన్నై అయినా మన నోట్లో అది ఇంకా మద్రాసే. ఉదయగిరి, ఆత్మకూరు వైపు మెట్ట పల్లెల్లో చాలామందికి మద్రాసంటే పెద్దాసుపత్రి, స్కానింగు ఫిల్ములు, మందుల చీటీ. పదిసార్లు వెళ్లొచ్చినవాళ్లను కూడా ఏం చూశారని అడిగితే డాక్టరు గది బయట బెంచీ గురించే చెబుతారు.

ఒక్కసారి ఏ జబ్బూ లేకుండా వెళ్లి చూడండి. వీపున సంచీ తగిలించుకుని తెలియని ఊళ్లో కాలినడకన తిరిగే కుర్రాళ్లను బ్యాక్‌ప్యాకర్లంటారు. ఆ సరదాకు బ్యాంకాక్ దాకా పోనక్కర్లేదు. నెల్లూరు చేరితే అక్కణ్నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు. రెండు జతల బట్టలు, మంచినీళ్ల సీసా, తేలికపాటి చెప్పులు చాలు.

మొదటి గంట ఎవరికైనా కష్టమే. రైలైతే సెంట్రల్లో, బస్సయితే 2018 నుంచి మాధవరంలో దిగుతాం. హారన్లు, తెలియని భాష, నలువైపులా ఆటోవాళ్లు. కంగారు పడకండి. 'ఎవ్వళవు' అంటే ఎంత, 'ఎంగే' అంటే ఎక్కడ. అన్నిటికన్నా అక్కరకొచ్చేది 'తెలుగు తెరియుమా?'. పాత మద్రాసు వీధుల్లో ఈ మాటకు తెలుగులో జవాబు దొరకడం అరుదేమీ కాదు.

బస ట్రిప్లికేన్‌లో చూసుకోండి. ఒంటరి మగవాళ్ల కోసం వెలసిన 'మ్యాన్షన్లు' అక్కడ చాలా ఉన్నాయి. కుటుంబంతో వెళితే మామూలు లాడ్జి మేలు. స్నానానికి కొళాయి తిప్పినప్పుడు ఒక్క నిమిషం ఆలోచించండి. ఈ నగరానికి వచ్చే నీళ్లలో కొంత మన సోమశిల నుంచి కండలేరు చేరి, 177 కిలోమీటర్ల కాలువలో పూండి దాకా నడిచి వచ్చినవే. తెలుగుగంగ నీళ్లు 1996లో తమిళనాడు సరిహద్దు తాకాయి. చెరువు నిండుతుందా లేదా అని ఏటా మబ్బులకేసి చూసే మెట్ట మనిషికి ఆ చెంబెడు నీళ్లు ఊరికే ఒంటిమీద నుంచి జారిపోవు.

తొలి రోజు జార్జిటౌన్. ప్యారిస్ కార్నర్‌లో దిగి నడవండి. గోడౌన్ వీధి నిండా బట్టలు, ఆండర్సన్ వీధి నిండా కాగితాలు, పెళ్లిపత్రికలు. పక్కనే సెయింట్ జార్జి కోట. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లీషు కంపెనీకి ఈ తీరాన చోటిచ్చాడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం వెలిసిందంటారు.

రెండో రోజు మైలాపూరు. కపాలీశ్వరుడి గుడి, నాగేశ్వరరావు పంతులు పేరిట ఉన్న పార్కు చూశాక రాయపేట హైరోడ్డులోని పొట్టి శ్రీరాములు స్మారకానికి వెళ్లండి. ఆయన పూర్వీకులది అప్పటి నెల్లూరు జిల్లా కనిగిరి తాలూకాలోని పడమటిపల్లె. అంటే మన పొరుగే. 1952 అక్టోబరు 19న మొదలుపెట్టిన దీక్ష డిసెంబరు 15 రాత్రి ఆయన ప్రాణంతోనే ముగిసింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మద్రాసు మాత్రం అందులోకి రాలేదు. 2008 నుంచి మన జిల్లా ఆయన పేరుతో ఉంది. మనలో ఆ గడప తొక్కినవాళ్లెందరు?

మూడో రోజు ఎగ్మూరు మ్యూజియం. శుక్రవారం సెలవు, చూసుకుని వెళ్లండి. మన కృష్ణాతీరం నుంచి తరలిపోయిన అమరావతి శిల్పాలు అక్కడున్నాయి. అదే ఆవరణలో 1896లో తెరిచిన కన్నెమరా గ్రంథాలయం ఉంది. సాయంత్రం మెరీనాలో శనగలు కొనుక్కుని కూర్చుంటే, మొన్న భయపెట్టిన రొద ఇప్పుడు చెవికి పట్టదు. ఏ బస్సు ఎటు పోతుందో, ఏ మూల చవగ్గా భోజనం దొరుకుతుందో కాస్త తెలిసొచ్చి ఉంటుంది.

తిరుగు ప్రయాణంలో సెంట్రల్ ఎదురుగా ఉన్న ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి కేసి చూడండి. రేపు మీ అమ్మనో నాన్ననో ఇలాంటి ఆసుపత్రికే తీసుకురావాల్సి రావచ్చు. ఆ రోజు జబ్బు భయం ఎలాగూ తప్పదు. దానికి ఊరి భయం కూడా తోడవకపోతే సగం బరువు దిగినట్టే. మన పక్క ఊరివాళ్లెవరైనా చేతిలో ఫైలుతో అక్కడ దిక్కులు చూస్తూ కనిపిస్తే, ఆగి దారి చెప్పండి. మూడు రోజులు తిరిగినందుకు ఆ పాటి మీకొచ్చేసి ఉంటుంది.