సొంత డబ్బుతో చదివే ఉద్యోగులకు ఆదాయపు పన్ను మినహాయింపు కోరుతూ తీర్మానం

హైదరాబాద్‌లో జరిగిన మా ఐటీ ఉద్యోగుల సంఘం సర్వసభ్య సమావేశం ఈ కింది తీర్మానాన్ని ఆమోదించింది.

ఉన్న ఉద్యోగం నిలుపుకోవడానికే తరచూ ఏదో ఒక కొత్త కోర్సు చేయక తప్పని పరిస్థితి మా సభ్యులది. జీతం మీద బతికేవారికి ఈ ఖర్చును పన్ను లెక్కలో చూపుకునే దారి లేదు. పాత ఆదాయపు పన్ను చట్టంలోని 80సి సెక్షన్ కింద ట్యూషన్ ఫీజు చూపవచ్చు గానీ అది ఇద్దరు పిల్లల చదువు వరకే. 80ఇ కింద సొంత పైచదువుకు తెచ్చిన బ్యాంకు రుణంపై ఎనిమిదేళ్ల దాకా వడ్డీకి మినహాయింపు ఉంది, అసలుకు లేదు. అంటే అప్పు చేసి చదివితే కొంత ఊరట. కూడబెట్టిన డబ్బుతో చదివితే అదీ లేదు. కొత్త పన్ను విధానం ఎంచుకుంటే వడ్డీ ఊరట కూడా పోతుంది. 2025 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయే గానీ ఈ సంగతి మారలేదు.

లక్ష రూపాయల క్లౌడ్ కోర్సుకు 18 శాతం జీఎస్టీతో కలిపి 1,18,000 కట్టాలి. సెస్సుతో కలిపి 31.2 శాతం పన్ను పడే ఉద్యోగికి ఆ సొమ్ము చేతికి రావాలంటే సుమారు 1,71,500 సంపాదించాలి. అదే శిక్షణ కంపెనీ ఇప్పిస్తే ఉద్యోగికి పన్ను పడదు. అదే పని చేసే ఫ్రీలాన్స్ కన్సల్టెంటు దాన్ని వృత్తి ఖర్చుగా రాసుకోగలరు.

కొత్త విధానంలోని 75,000 స్టాండర్డ్ డిడక్షన్‌లోనే ఇదంతా ఉందంటే ఒప్పుకోలేం. అది చదివినవారికీ చదవనివారికీ ఒకటే. కొత్త విధానంలో మినహాయింపులకు చోటు లేదన్న మాటా నిలవదు. ఎన్‌పీఎస్‌లో యజమాని వేసే వాటాకు అందులోనూ మినహాయింపు ఉంది.

కాబట్టి, చేస్తున్న పనికి సంబంధించిన కోర్సు, పరీక్ష ఫీజులకు ఏటా ఒక పరిమితి మేరకు రెండు విధానాల్లోనూ మినహాయింపు ఇవ్వాలని ఈ సమావేశం కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖను కోరుతున్నది. దొంగ రసీదుల బెడద మాకు తెలియనిది కాదు, ఇంటి అద్దె రసీదుల ముచ్చట అందరూ ఎరిగిందే. అందుకే ఫీజు బ్యాంకు ద్వారానే కట్టాలనీ, రసీదుపై సంస్థ జీఎస్టీ నంబరు, పాస్ అయిన సర్టిఫికెట్ తప్పనిసరి చేయాలనీ మేమే సూచిస్తున్నాం.

ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ బిల్లులను చేర్చాలన్న సవరణ వీగిపోయింది. విదేశీ సంస్థలకు డాలర్లలో కట్టే పరీక్ష ఫీజును చేర్చాలన్న సవరణ నెగ్గింది. వాటికి జీఎస్టీ నంబరు బదులు కార్డు స్టేట్‌మెంటు చాలు. వేరే వృత్తిలోకి మారడానికి చేసే కోర్సులపై ఏకాభిప్రాయం కుదరక ఆ అంశాన్ని కార్యవర్గానికి వదిలేశారు.

ఈ తీర్మానం ప్రతులను బడ్జెట్‌కు ముందే ఆర్థిక మంత్రిత్వ శాఖకు, కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డుకు, రాష్ట్ర ఎంపీలకు పంపాలని కార్యదర్శిని ఆదేశించడమైనది.