గృహారోగ్యము: ఔషధము పోవు దారి



ఇంటిలో నొకరికి ల్యుకీమియా, అనగా రక్తపు కేన్సరు, అని తేలిననాడు మందెట్టిది, ఖర్చెంత, ఎన్నాళ్లకు గుణమగును అని మనము వైద్యుని అడుగుదుము. ఆ మందు దేహములోనికి ఏ దారిని పోవునో అడుగువారు అరుదు. ఆ దారిని శ్రద్ధతో కాపాడినచో చికిత్స సాగును. ఏమఱినచో ప్రాణమునకే ముప్పు వచ్చును.

ముంజేతికి సూది గ్రుచ్చి మందెక్కించుట సామాన్యజ్వరములకు చాలును గాని దీనికి చాలదు. విన్‌క్రిస్టిన్, డానోరూబిసిన్ వంటి మందులు సిర దాటి కండలోనికి జాఱినచో అచ్చటి మాంసము చచ్చి పుండుపడును. మాటిమాటికి పొడుచుటచే సన్నని సిరలును చెడిపోవును. కావున మెత్తని గొట్టమును హృదయసమీపముననున్న పెద్దసిర వఱకు నడిపి నెలల తరబడి యుంచుదురు. అచ్చట రక్తప్రవాహము హెచ్చగుటచే మందు వెంటనే పలుచబడును.

ఇట్టి సాధనములు ముఖ్యముగా మూడు.

మొదటిది పిక్ లైను. దీనిని మోచేతికి పైనుండు సిరగుండా ఎక్కింతురు. పెట్టుటయు, తీయుటయు సులభము. వారమునకొకసారి కట్టు మార్పించి, సెలైనుతో కడిగింపవలెను. ఆ సిరలో రక్తము గడ్డకట్టి చేయి వాచుట కలదు. ఆ చేతికి రక్తపుపోటు చూడనీయరాదు. ఆ చేత నీళ్లబిందె ఎత్తరాదు.

రెండవది హిక్మను గొట్టము. అమెరికాలోని సియాటిల్ నగరమున 1973లో బ్రోవియాక్ మున్నగువారు పోషకద్రవములు ఎక్కించుటకై యొక గొట్టమును వెలయింపగా, 1979లో హిక్మను దానిని మజ్జమార్పిడి రోగులకు తగునట్లు వెడల్పుచేసెను. ఇది ఱొమ్ముపై చర్మము క్రింద కొంతదూరము సాగి సిరలో ప్రవేశించును. దానిచుట్టునున్న పట్టీలోనికి మన కండ అల్లుకొని గొట్టమును కదలనీయదు. రెండు మూడు పాయలుండుటచే మందును, రక్తమును ఒకేసారి ఎక్కింపవచ్చును. అయితే కొన వెలుపల వ్రేలాడుచుండును. చంకనున్న బిడ్డ లాగకుండ చూచుకొనవలెను.

మూడవది పోర్టు. ఇది చర్మము క్రింద అమర్చు చిన్న డబ్బీ. వెలుపలికేమియు కానరాదు. మందెక్కించునపుడు మాత్రము ప్రత్యేకమైన సూదిని దానిలో గ్రుచ్చుదురు. వాడనపుడు నెలకొకసారి కడిగించుట పరిపాటి. కొన్నిచోట్ల ఆ గడువింకను ఎక్కువ. స్నానమునకు అడ్డులేదు. ఖర్చు హెచ్చు, పెట్టుటకును, తీయుటకును చిన్న శస్త్రచికిత్స కావలెను.

ఇంగ్లండు, స్కాట్లండులలో 1061 మంది రోగులపై ఈ మూడింటిని పోల్చి చూచిన ఫలితము 2021లో లాన్సెట్ పత్రికలో వెలువడినది. పోర్టు గలవారిలో నూటికి 30 మంది ప్రాంతమునకే చిక్కులు కలిగినవి. తక్కిన రెంటిలో 40కి మించినవి. అయితే వారిలో పెక్కురు గడ్డల కేన్సరు గలవారు. తీవ్రమైన ల్యుకీమియా బయటపడిన దినములలో ప్లేట్‌లెట్లు తగ్గి నెత్తురాగదు. తెల్లకణములు బలహీనమై గాయము చీము పట్టవచ్చును. అందుచే పలువురు వైద్యులు మొదట పిక్ లైనునో, హిక్మను గొట్టమునో పెట్టి, రోగము తగ్గుముఖము పట్టినపిదప పోర్టు ఆలోచింతురు. లింఫోబ్లాస్టిక్ ల్యుకీమియాకు రెండు మూడేండ్లు చికిత్స పొందుచు బడికి పోవలసిన బాలునికి పోర్టు మిక్కిలి అనుకూలము.

దానమునకు వలెనే దీనికిని దేశకాలపాత్రములు చూడవలెను. ఆసుపత్రి దూరమెంత? వారమువారము కట్టు మార్చువారు దగ్గఱ గలరా? ఇంటిలో చూచుకొనువారెవరు? ఈ సంగతులు వైద్యునికి మనము చెప్పిననే గాని తెలియవు. కావున గొట్టము పెట్టకముందే చెప్పుడు.

పెట్టినపిమ్మట భారము మన చేతులది. సబ్బుతో చేతులు కడుగుకొనక దానిని తాకరాదు. కట్టు తడియరాదు. గొట్టము తెగినచో తెగినచోటికిని దేహమునకును నడుమ క్లిప్పుతో బిగించి ఆసుపత్రికి పరుగెత్తవలెను. జ్వరము 100.4 డిగ్రీలు చేరినను, గొట్టము కడిగినవెంటనే వణకు పుట్టినను, మెడగాని చేయిగాని వాచినను తెల్లవాఱు వఱకు ఆగరాదు. తెల్లకణములు లేని దేహమున సూక్ష్మజీవులు కొలది గంటలలోనే ప్రాణము తీయగలవు. జ్వరపు బిళ్ల మ్రింగించి వేచియుండుట మిక్కిలి అపాయకరము. ఆసుపత్రివారి టెలిఫోను సంఖ్యను గోడపై పెద్దయక్షరములతో వ్రాసి యుంచుకొనుడు.