చిలక్కొయ్య ఊడితే

కొత్త అలవాటు నిలబడాలంటే దాన్ని పాత అలవాటుకి ముడెయ్యాలని ఈ మధ్య అందరూ చెబుతున్నారు. 2018లో జేమ్స్ క్లియర్ రాసిన 'అటామిక్ హాబిట్స్' వచ్చాక ఈ మాట మరీ పాకింది. పళ్ళు తోముకోగానే నాలుగు గుంజీళ్ళు, కాఫీ కలుపుకోగానే ఒక పేజీ. కొత్త పనికి వేరే ముహూర్తం పెట్టకుండా, ఎలాగూ చేసే పనికి తగిలించమంటారు. పాత ఇళ్ళలో గోడకి చిలక్కొయ్య ఉండేది కదా, చొక్కా తగిలించినట్టు.

ఈ మాట మీద నాకు గౌరవమే. మనకిది కొత్త కూడా కాదు. మా అమ్మమ్మ వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లేది, చల్లగానే ముగ్గేసేది. ముగ్గెయ్యాలని ఆవిడ ఏనాడూ గుర్తుపెట్టుకోలేదు. ముందు పనే గుర్తుచేసేది.

21 రోజులు చేస్తే ఏదైనా అలవాటవుతుందనే మాట మాత్రం నమ్మకండి. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ, ఆమె సహచరులు 96 మందితో చేసిన పరిశీలన 2010లో అచ్చయింది. రోజూ జరిగే ఏదో ఒక సందర్భానికి ఒక కొత్త పని తగిలించుకోమన్నారు. అలవాటు కుదురుకోవడానికి కొందరికి 18 రోజులు చాలితే, కొందరికి 254 రోజుల దాకా పడుతుందని లెక్క తేలింది. మధ్యస్థంగా 66. ఒక్కరోజు తప్పినంత మాత్రాన కొంప మునగదని కూడా తేలింది.

తగిలించడం గురించి ఇంత చెప్పారు. ఊడిపోవడం గురించి నా అనుభవం చెబుతాను.

నేను అమ్మకి ఫోన్ చెయ్యడాన్ని ఆఫీసు ప్రయాణానికి తగిలించాను. పొద్దున్న ఎనిమిదికి కారెక్కగానే ఫోను. అక్కడ సాయంత్రం ఐదున్నర. నవంబరులో ఇక్కడి గడియారాలు వెనక్కి తిప్పితే ఆరున్నర. "మీకు టైము మారిందా నాన్నా?" అని అమ్మ ఏటా అడిగేది. ఆరేళ్ళు ఇలా సాగింది. నన్ను చూసి నేనే మురిసిపోయాను.

2020 మార్చిలో ఆఫీసు ఇంట్లోకొచ్చింది. కారు కదల్లేదు. ఫోనూ ఆగిపోయింది. ప్రేమ తగ్గలేదు, తీరికా తగ్గలేదు. నిజానికి గంటన్నర మిగిలింది. అయినా చెయ్యలేదు. రేపు చేద్దాం, రేపు చేద్దాం అనుకుంటూ మూడు వారాలు గడిచాయి.

నాలుగో వారం చెల్లెలు చెప్పింది, అమ్మకి బీపీ బాగా పెరిగిందని. కంగారుగా ఫోన్ చేశాను. "మాత్ర నీ ఫోను పెట్టేశాక వేసుకునేదాన్ని. ఫోను రాకపోయేసరికి ఒకోరోజు మర్చిపోతున్నాను" అంది అమ్మ. నిష్ఠూరంగా కూడా కాదు, మామూలుగానే అంది. నాకు నోట మాట రాలేదు. నేను నా కారుకి తగిలించుకున్నదానికి, నాకు తెలియకుండానే ఆవిడ తన మాత్రని తగిలించుకుంది.

అందుకే అంటాను, ఏ అలవాటు పెట్టుకోవాలనే దానికన్నా దేనికి తగిలిస్తున్నామనేది ముఖ్యం. ఉద్యోగం, ప్రయాణం, జిమ్ము, పిల్లల బడి వేళలు, ఇవన్నీ ఇంకొకళ్ళ చేతుల్లో ఉన్న కొయ్యలు. వలస వచ్చినవాళ్ళకి ఇది మరీ అనుభవం. ఊరు మారితే, ఉద్యోగం మారితే, సగం అలవాట్లు సామాన్లతో పాటు రావు. అది మన బద్ధకమని తిట్టుకుంటాం. చాలాసార్లు బద్ధకం కాదు, గోడే మారిపోయింది. తిట్టుకోవడం మాని కొత్త కొయ్య వెతుక్కోవాలి. ఆలస్యం లేకుండా, ఆ వారంలోనే.

ఆకలి, నిద్ర, స్నానం, పొద్దుటి కాఫీ. ఎక్కడికి పోయినా వెంట వచ్చేవి ఇలాంటివే. ప్రాణం మీదకొచ్చే వాటిని, మందుల్లాంటి వాటిని, వీటికే తగిలించాలి. ఇంకో మనిషికి తగిలించకూడదు, ఆ మనిషి కన్నబిడ్డే అయినా సరే.

అమ్మ ఇప్పుడు మాత్రల డబ్బా దేవుడి గూట్లో అగ్గిపెట్టె పక్కన పెట్టుకుంది. దీపం పెట్టగానే మాత్ర. ఆవిడ దీపం నా ఆఫీసు మీద ఆధారపడదు. నేను కాఫీ కప్పు పట్టుకుని ఫోన్ చేస్తున్నాను. శనాదివారాలు కూడా కాఫీ తాగుతాను కాబట్టి, వారానికి ఐదు ఫోన్లు కాస్తా ఏడయ్యాయి.

మీరు ఇంటికి చేసే ఫోను దేనికి తగిలించి ఉందో ఒకసారి చూసుకోండి. అవతలివాళ్ళు దానికి ఏం తగిలించుకున్నారో కూడా అడగండి.